మోటారు సైకిలు ముందు ఫోర్కు పొడిగింపు

మోటారు సైకిలు ముందు చక్రాన్ని ఇరువైపులా పట్టి ఉంచే రెండు కాళ్ళను కలిపి ఫోర్కు అంటారు. ఈ కాళ్ళను తయారీదారు నిర్ణయించిన కొలత కంటె పొడవుగా మార్చి, ముందు చక్రం బండికి దూరంగా నిలిచేటట్లు చేయడమే ఫోర్కు పొడిగింపు. ఈ విధంగా రూపం మార్చిన బండ్లను చాపర్లు అంటారు. ఇది అమెరికాలో పుట్టి, సినిమాల ద్వారా ప్రపంచమంతటా వ్యాపించిన అలవాటు. హైదరాబాదులో, ముఖ్యంగా హైటెక్ సిటీ, మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతాల ఉద్యోగులలో బండ్లను సొంత అభిరుచికి తగినట్లు మార్చుకొనేవారు ఉన్నారు.

ఫోర్కు పొడిగింపు చూపులకు అలంకారం వలె కనిపించినా, నిజానికి అది బండి జ్యామితిలో చేసే మార్పు. ఫోర్కు పొడవు మారగానే దాని వాలు, చక్రాల మధ్య దూరం, హ్యాండిల్ బరువు, కాళ్ళపై పడే బలం అన్నీ ఒకేసారి మారిపోతాయి. ఇంటివద్ద ఈ పని చేసేవారు సాధారణంగా పొడవును మాత్రమే కొలుస్తారు, మిగిలినవి లెక్కించరు. ప్రమాదానికి మూలం ఇక్కడే ఉంది.

చరిత్ర

చమురుతో అదుపయ్యే టెలిస్కోపిక్ ఫోర్కును అమ్మకపు బండిలో మొదట అమర్చినది జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. సంస్థ. 1935లో వచ్చిన ఆర్12 నమూనాలో ఇది ఉన్నది. హార్లీ-డేవిడ్‌సన్ సంస్థ తన పెద్ద బండ్లకు ఇటువంటి ఫోర్కును 1949లో హైడ్రా-గ్లైడ్ నమూనాతో ప్రవేశపెట్టింది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో యువకులు బరువైన బండ్లనుండి అనవసరమైన భాగాలను తొలగించి తేలిక చేసుకొనేవారు. కాలక్రమేణా ఈ అలవాటు ఛాసీని కోసి ముందు భాగాన్ని సాగదీసే పద్ధతికి దారి తీసింది. 1969లో విడుదలైన ఈజీ రైడర్ చిత్రం పొడవాటి ఫోర్కును ప్రపంచానికి పరిచయం చేసింది. ఆ చిత్రంలోని బండ్ల రూపకల్పనలోను, నిర్మాణంలోను క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అనే ఆఫ్రికన్ అమెరికన్లు ప్రధాన పాత్ర వహించారు. అయితే చాలాకాలంపాటు వారి పేర్లకు తగిన గుర్తింపు రాలేదు.

పెద్ద కంపెనీలు కూడా ఈ రూపాన్ని అనుసరించాయి. 2010 నమూనాగా వచ్చిన హోండా ఫ్యూరీ ఇందుకు మంచి ఉదాహరణ. దానిలో స్టీరింగు మెడ వాలు 32 డిగ్రీలు కాగా ఫోర్కు కాళ్ళ వాలు 38 డిగ్రీలు. ఈ రెంటి మధ్య తేడాను కావాలనే ఉంచారు. దాని కారణం క్రింద వివరించబడినది.

భారతదేశంలోను, హైదరాబాదులోను

రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్టు 1955 నుండి మద్రాసులో తయారు కావడం మొదలైంది. దాని నిర్మాణం సరళమైనది, విడిభాగాలు విరివిగా దొరుకుతాయి. అందుచేత మన దేశంలో రూపం మార్చే ప్రయోగాలు ఎక్కువగా ఈ బండిపైనే జరిగాయి. ముంబాయిలోని వార్డెంచి, జైపూరులోని రాజ్‌పుతానా కస్టమ్స్ ఈ రంగంలో పేరు పొందాయి. హైదరాబాదులోని ఐమోర్ కస్టమ్స్ కూడా రాయల్ ఎన్‌ఫీల్డు బండ్లకు కొత్త రూపం ఇచ్చే సంస్థగా ప్రసిద్ధి చెందినది. 2010లో హార్లీ-డేవిడ్‌సన్ భారతదేశంలో విక్రయశాలలు తెరచినపుడు తొలి నగరాలలో హైదరాబాదు ఒకటి.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూరు పరిసరాలు శీఘ్రంగా మారిపోయాయి. తొలి జీతాలతో బండి కొనుక్కొని, సెలవు రోజులలో దూరప్రయాణాలు చేసే ఉద్యోగుల వర్గం ఒకటి ఏర్పడింది. పొడవాటి ఫోర్కు మీద మోజుకు ఈ వాతావరణం అనుకూలించింది. కాని ఆ బండి పుట్టిన నేల వేరు, ఇక్కడి నేల వేరు. అమెరికా పశ్చిమ ప్రాంతాలలో మైళ్ళ కొద్దీ వంపు లేని రహదారులు ఉన్నాయి. హైటెక్ సిటీ నేల రాతి గుట్టల మధ్య ఎత్తుపల్లాలతో కూడినది, దారులలో రద్దీ ఎక్కువ. ఈ తేడా ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ఫోర్కు జ్యామితి తెలియాలి.

ఫోర్కు నిర్మాణం

టెలిస్కోపిక్ ఫోర్కులో ఒక్కొక్క కాలు రెండు భాగాలుగా ఉంటుంది. పైన ఉన్న నునుపైన ఉక్కు గొట్టాన్ని మెకానిక్కులు ఫోర్కు రాడ్డు అంటారు. ఇది క్రింది గొట్టంలోనికి జారుతూ ఉంటుంది. లోపల స్ప్రింగు, ప్రత్యేకమైన నూనె ఉంటాయి. స్ప్రింగు బరువును మోస్తుంది. నూనె సన్నని రంధ్రాల గుండా ప్రవహిస్తూ ఊగిసలాటను అణచివేస్తుంది. నూనె బయటకు రాకుండా ఆయిల్ సీలు అడ్డుకుంటుంది.

రెండు రాడ్లను పైన, క్రింద రెండు పట్టీలు బిగించి ఉంచుతాయి. వీటిని పై టీ, క్రింది టీ అని వ్యవహరిస్తారు. ఈ టీలు ఛాసీ మెడలో, కోన్‌సెట్టు అనబడే బేరింగులపై తిరుగుతాయి. పాత 350 సి.సి. క్లాసిక్ బండ్లలో రాడ్డు వ్యాసం 35 మిల్లీమీటర్లు. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్‌లో అది 41 మిల్లీమీటర్లు.

వాలు కోణం, ట్రెయిల్

బండిని ప్రక్కనుండి చూసినపుడు స్టీరింగు మెడ నిలువుగా ఉండక వెనుకకు వాలి ఉంటుంది. నిలువు గీతకు, మెడ అక్షానికి మధ్య గల కోణాన్ని వాలు కోణం లేక రేక్ అంటారు. మెడ అక్షాన్ని ఊహలో నేలవరకు పొడిగిస్తే అది ఒక బిందువును తాకుతుంది. టైరు నేలను తాకే చోటు దానికి కొంత వెనుకగా ఉంటుంది. ఈ రెండు బిందువుల మధ్య దూరమే ట్రెయిల్.

దీనిని అర్థం చేసుకొనుటకు ఆఫీసు కుర్చీ చక్రాన్ని చూస్తే చాలు. కుర్చీని ఎటు నెట్టినా చిన్న చక్రం తిరిగి, తాను తిరిగే నిలువు కీలుకు వెనుకగా చేరుతుంది. మోటారు సైకిలు ముందు చక్రం కూడా ట్రెయిల్ కారణంగా తనంతట తాను సూటిగా నిలిచే ప్రయత్నం చేస్తుంది. ట్రెయిల్ మరీ తక్కువైతే బండి వేగంలో తడబడుతుంది. మరీ ఎక్కువైతే హ్యాండిల్ తిప్పుట బరువవుతుంది. ద్విచక్ర వాహనపు నిలకడకు ట్రెయిల్ ఒక్కటే కారణం కాదు. చక్ర భ్రమణం, ట్రెయిల్ రెండింటి ప్రభావాన్ని తొలగించినా తనంతట తాను నిలబడే సైకిలును నిర్మించవచ్చునని 2011లో సైన్స్ పత్రికలో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. కాని సాధారణ బండిని మార్చేవారు ముందుగా లెక్కించవలసినది ట్రెయిల్‌నే.

ట్రెయిల్ లెక్కించే పద్ధతి ఇది: చక్రపు వ్యాసార్ధాన్ని వాలు కోణపు సైన్‌తో గుణించాలి. అందులోనుండి ఆఫ్‌సెట్టు తీసివేయాలి. వచ్చిన విలువను అదే కోణపు కొసైన్‌తో భాగించాలి. ఆఫ్‌సెట్టు అంటే మెడ అక్షానికి చక్రపు ఇరుసు ఎంత ముందుగా ఉన్నదో తెలిపే లంబదూరం.

ఉదాహరణకు టైరుతో కలిపి చక్ర వ్యాసార్ధం 320 మి.మీ., వాలు 27 డిగ్రీలు, ఆఫ్‌సెట్టు 55 మి.మీ., చక్రాల మధ్య దూరం 1400 మి.మీ. అనుకుందాం.

* మార్పు లేనపుడు ట్రెయిల్ సుమారు 101 మి.మీ. అవుతుంది.
* ఛాసీని కదపకుండా ఫోర్కును 100 మి.మీ. పొడిగిస్తే బండి మెడ దాదాపు 9 సెం.మీ. పైకి లేస్తుంది. బండి మొత్తం వెనుక ఇరుసుపై తిరిగినట్లగును. దానివలన వాలు సుమారు మూడున్నర డిగ్రీలు పెరిగి 30.5 డిగ్రీలకు, ట్రెయిల్ 125 మి.మీ.లకు చేరుతాయి. చక్రాల మధ్య దూరం దాదాపు 5 సెం.మీ. పెరుగుతుంది.
* మెడను కోసి 45 డిగ్రీలకు వాల్చి, మామూలు టీలనే ఉంచితే ట్రెయిల్ 242 మి.మీ. అవుతుంది.

పై లెక్కలో ఫోర్కు పొడవు సూత్రంలో ఎక్కడా లేదని గమనించవలెను. పొడవు నేరుగా ట్రెయిల్‌ను మార్చదు. అది బండిని ఎత్తి వాలును మారుస్తుంది, వాలు ట్రెయిల్‌ను మారుస్తుంది. అందుకే అనుభవజ్ఞులైన నిర్మాతలు పొడవు, వాలు, ఆఫ్‌సెట్టు మూడింటిని కలిపి నిర్ణయిస్తారు. హోండా ఫ్యూరీలో ఫోర్కు కాళ్ళను మెడ కంటె 6 డిగ్రీలు ఎక్కువ వాల్చుటకు కారణం ఇదే. ఆ తేడా ఆఫ్‌సెట్టును పెంచి, ట్రెయిల్‌ను అదుపులో ఉంచుతుంది. అయితే ఇటువంటి వాలు టీలను మామూలు పొడవు ఫోర్కుకు అమర్చితే ట్రెయిల్ ప్రమాదకరంగా తగ్గిపోగలదు.

నెమ్మదిగా నడిపేటపుడు కలిగే ఇబ్బంది

హ్యాండిల్ ప్రక్కకు తిప్పినపుడు బండి ముందు భాగం కొద్దిగా క్రిందికి దిగుతుంది. బరువు కారణంగా చక్రం మరింత తిరగడానికి ప్రయత్నిస్తుంది. దీనిని చక్రం ఒరుగుట అనవచ్చును. ఈ గుణాన్ని ట్రెయిల్, వాలు కోణపు సైన్, కొసైన్ల లబ్ధంతో కొలుస్తారు. పై ఉదాహరణలో మార్పు లేని బండికి ఇది 41 మి.మీ., 100 మి.మీ. పొడిగించిన బండికి సుమారు 55 మి.మీ., 45 డిగ్రీల బండికి 121 మి.మీ. అంటే రెండవదానిలో మూడవ వంతు ఎక్కువ, మూడవదానిలో దాదాపు మూడు రెట్లు.

వేగంగా సూటిగా పోయేటపుడు ఎక్కువ ట్రెయిల్ బండికి నిలకడ ఇస్తుంది. నడక వేగంలో చక్రం ఒరుగుట చేతులకు భారమవుతుంది. హైటెక్ సిటీలో ఉదయం, సాయంత్రం బండ్లు నడిచేది నడక వేగంలోనే. సైబర్ టవర్స్ కూడలిలోను, మైండ్‌స్పేస్ వైపు మలుపులలోను, రాయదుర్గం దారిలోను ఆగుతూ, కదులుతూ, బస్సులకు, ఆటోలకు మధ్య ఇరుకులో తిరగాలి. పొడవాటి ఫోర్కు బండికి తిరుగుటకు ఎక్కువ చోటు కావాలి. 2019లో ప్రారంభమైన బయోడైవర్సిటీ కూడలి వంతెన వంటి వంపు దారులలో మలుపు మధ్యలో హ్యాండిల్‌ను సరిదిద్దుకొనుట కూడా కష్టతరమే.

నగరం చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి ఇటువంటి బండికి అనుకూలమైన దారి వలె కనిపించవచ్చు. కాని దాని ప్రధాన మార్గంపై ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. కాబట్టి ఈ ప్రాంతంలో చాపరు నడిపేవారికి దాని మేలు దక్కే దారి తక్కువ, దాని కీడు ఎదురయ్యే దారి ఎక్కువ.

ఫోర్కుపై పడే బలం

ఫోర్కు కాలు ఒకవైపు బిగించి, రెండవవైపు వదిలివేసిన దూలం వంటిది. బిగింపు క్రింది టీ వద్ద ఉంటుంది. కొనను చక్రం నెట్టుతుంది. వంచే బలం దూలం పొడవుతో పాటు పెరుగుతుంది. వంగుట మాత్రం పొడవు ఘనంతో పెరుగుతుంది.

క్రింది టీ నుండి ఇరుసు వరకు 500 మి.మీ. ఉన్న కాలు 600 మి.మీ. అయినదనుకుందాం. పొడవు వలన వంచే బలం 1.2 రెట్లు అగును. వాలు పెరగడం వలన బరువులో కాలిని వంచే భాగం మరో 1.12 రెట్లు అగును. రెండూ కలిసి 1.34 రెట్లు. వంగుట దాదాపు రెట్టింపవుతుంది. రాడ్డు వ్యాసం మాత్రం మారలేదు.

వంగిన రాడ్డు క్రింది గొట్టంలో సాఫీగా జారదు, పట్టివేస్తుంది. చిన్న గుంతలను ఫోర్కు మింగక ఆ అదురు నేరుగా చేతులకు చేరుతుంది. బుష్షులు, ఆయిల్ సీళ్ళు త్వరగా అరిగిపోతాయి. సీలు పోయి నూనె బ్రేకు మీద పడితే బ్రేకు పట్టదు. వానాకాలంలో నీటితో నిండి లోతు తెలియని గుంతలో చక్రం పడినపుడు ఈ బలం అనేక రెట్లు పెరుగుతుంది.

పొడిగించే పద్ధతులు

* పొడవాటి రాడ్లు: అదే వ్యాసం, అదే నాణ్యత గల ఉక్కుతో చేసిన ఒకే ముక్క రాడ్లను పాతవాటి స్థానంలో అమర్చడం. ఉన్న పద్ధతులలో ఇది మేలైనది. స్ప్రింగుపై పెరిగిన పొడవుకు సమానమైన స్పేసరు గొట్టం వేయాలి.
* మరతో బిగించే ముక్కలు: రాడ్డు పై కొనకు మర చుట్లతో అదనపు ముక్కను తగిలించడం. ఇందులో అతుకు బలహీన స్థానం. అది రెండు టీల నడుమ కాక క్రింది టీకి దిగువన పడితే, వంచే బలం హెచ్చుగా ఉండే భాగంలోనే అతుకు ఉన్నట్లు. ఇది విరుగుటకు సిద్ధంగా ఉన్న ఫోర్కు.
* వెల్డింగు: రెండు రాడ్లను కోసి అతికించడం. వేడికి ఉక్కు గుణం మారుతుంది, క్రోము పూత పోతుంది, సూటితనం పోతుంది. పగులు లోపల మొదలై పైకి కనిపించదు. ఈ పద్ధతి ఎంతమాత్రం పనికిరాదు.
* మెడ కోయుట: ఛాసీ మెడను కోసి కొత్త వాలుతో అతికించడం. దీనికి ఛాసీని కదలకుండా పట్టే చట్రం, నిపుణుడైన వెల్డరు అవసరం. మన బండ్లలో ఛాసీ నంబరు సాధారణంగా మెడపైనే చెక్కి ఉంటుంది. మెడ కోసేవారు బండి గుర్తింపునే చెరపివేసే ప్రమాదం ఉన్నది.

మారే ఇతర భాగాలు

ముందు భాగం ఎత్తు పెరిగినపుడు గమనించవలసినవి మరికొన్ని ఉన్నాయి. బ్రేకు గొట్టం, క్లచ్చు, యాక్సిలరేటరు, స్పీడోమీటరు తీగలు చాలకపోవచ్చు. హ్యాండిల్ పూర్తిగా తిప్పినపుడు తీగ బిగిస్తే ఇంజను వేగం దానంతట అదే పెరగగలదు. హెడ్‌లైటు వెలుగు ఎదుటివారి కళ్ళలో పడుతుంది. ప్రక్క స్టాండు పొట్టిదై బండి మరింత ఒరుగుతుంది. కార్బురేటరు గల పాత బుల్లెట్లలో ఫ్లోటు గదిలోని పెట్రోలు మట్టం వంగుతుంది. ఇంజను నూనె కొలపుల్ల కూడా తప్పుడు మట్టం చూపుతుంది.

ఇంటివద్ద చేయదగినవి

అపార్టుమెంటు పార్కింగులో ఉన్న పనిముట్లతో ఫోర్కు పొడిగింపు చేయదగిన పని కాదు. కాని ఈ విషయాన్ని నేర్చుకొనేవారు ఇంటివద్ద క్షేమంగా చేయగల పనులు ఉన్నాయి.

మొదటిది ట్రెయిల్ కొలుచుట. బండిని చదునైన నేలపై నిటారుగా నిలిపి, ఒకరు గట్టిగా పట్టుకోవాలి. ఇరుసు మధ్యనుండి తూకపు గుండు వేలాడదీసి, అది సూచించిన చోట సుద్దతో గుర్తు పెట్టాలి. తరువాత పొడవైన సూటి కర్రను స్టీరింగు మెడకు సమాంతరంగా, మెడ అక్షం ఉన్న గీతలోనే ఉండేటట్లు ప్రక్కనుండి చూస్తూ పట్టి, నేలను తాకిన చోట మరొక గుర్తు పెట్టాలి. రెండు గుర్తుల మధ్య దూరం ట్రెయిల్. కర్రను మెడకు కాక ఫోర్కు కాలికి ఆనించి కొలిస్తే తప్పు విలువ వస్తుంది.

రెండవది ఫోర్కు పరీక్ష. ముందు చక్రం పైకి ఎత్తి, ఫోర్కు క్రింది కొనలను పట్టుకొని ముందుకు వెనుకకు కదిపినపుడు టక్కుమని వదులు తెలిస్తే కోన్‌సెట్టు అరిగినదని లేక వదులైనదని అర్థం. రాడ్డుపై నూనె తడి కనిపిస్తే సీలు మార్చాలి. విప్పిన రాడ్డును మందపాటి అద్దంపై దొర్లిస్తే వంపు తెలిసిపోతుంది. పాత బండి కొనేవారికి ఈ పరీక్షలు చాలా ఉపయోగపడతాయి. అంతకు ముందు యజమాని ఫోర్కును అతికించి ఉంటే పై టీ, క్రింది టీల మధ్య రాడ్డుపై అతుకు గీత కోసం వెదకవలెను.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ విభాగం ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు మారేటట్లు యజమాని వాహనాన్ని మార్చకూడదు. చక్రాల మధ్య దూరం ఆ పత్రంలో నమోదయ్యే వివరాలలో ఒకటి. కాబట్టి ఫోర్కు పొడిగింపు రంగు మార్చుట వంటిది కాదు. అది పత్రంలోని అంకెనే అబద్ధం చేస్తుంది.

కేరళ నుండి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, తయారీదారు నిర్దేశానికి విరుద్ధంగా మార్చిన వాహనాన్ని రిజిస్టరు చేయరాదని తీర్పు ఇచ్చింది. అదే సంవత్సరం చట్ట సవరణతో వచ్చిన 182ఎ విభాగం ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. ప్రజలకు అపాయకరమైన స్థితిలో ఉన్న వాహనపు రిజిస్ట్రేషనును తాత్కాలికంగా నిలిపివేసే అధికారం 53వ విభాగం ఇస్తుంది. ఇటువంటి మార్పును తెలియజేయకపోతే ప్రమాద సమయంలో బీమా పరిహారం విషయంలో కూడా చిక్కులు వస్తాయి.

కనుక ఈ రూపాన్ని ఇష్టపడేవారికి మన దేశంలో తగిన మార్గం, తయారీదారే ఎక్కువ వాలుతో రూపొందించి, పరీక్షించి, ఆమోదం పొందిన క్రూయిజరు రకపు బండిని ఎంచుకొనుట. బజాజ్ అవెంజర్, రాయల్ ఎన్‌ఫీల్డు మీటియర్ వంటివి ఈ కోవలోనివి. వాటిలో పొడవు, వాలు, ఆఫ్‌సెట్టు, రాడ్డు మందం ఒకదానికొకటి సరిపోయేటట్లు ముందుగానే లెక్కించబడి ఉంటాయి. ప్రదర్శన కోసం మాత్రమే నిర్మించి, ప్రజా రహదారిపై నడపని బండి విషయం వేరు. దానికి సైతం జ్యామితి సూత్రాలు మారవు.

ఇవి కూడా చూడండి

* మోటారు సైకిలు
* రాయల్ ఎన్‌ఫీల్డు
* హైటెక్ సిటీ
* త్రికోణమితి
* మోటారు వాహనాల చట్టం, 1988